బాబాయి లేని మూడు గళ్ళు

నేను ఒక పాళీ కలానికి పిడిని. పాళీ అరిగితే పీకి పారేస్తారు, పిడి మిగులుతుంది. అందుకే ఇంత కథ చెప్పగలుగుతున్నాను.

వడ్రంగి తరిణె మీద నున్నగా తిరిగి, మొదట సర్వే ఆఫీసులో పటాలు గీసే గుమాస్తా చేతిలో పడ్డాను. ఊళ్ళో గట్ల తగాదాలన్నీ నా చేత గీయించి, రిటైరయ్యాక ఆయన నన్ను బెజవాడలో బోర్డులు రాసే జోగారావుకిచ్చేశాడు. జోగారావు ఏడో తరగతిలోనే బడి మానేసినవాడు. ఆ చేతిలోనే ‘బుచ్చియ్య బాబాయి’ పుట్టాడు. దినపత్రికలో రోజూ మూడు గళ్ళ బొమ్మ, ఇరవై రెండేళ్ళు. జనం బాబాయిని చూసి నవ్వుకున్నారు గానీ గీసినవాడు ఉన్నాడో పోయాడో అడిగినవాడు లేడు.

ఏడాదిగా జోగారావు చెయ్యి వణుకుతోంది. ఆ సంగతి నాకూ, ఆయన భార్య సుభద్రకూ తప్ప ఎవరికీ తెలీదు. వారానికి సరిపడా బొమ్మలు ముందే పంపే అలవాటు కాబట్టి దాగింది. ముఖం వంకరపోతే చించడం, కుదిరేదాకా మళ్ళీ గీయడం. ఒక్క ముఖానికి పూటంతా పట్టేది.

ఆ శనివారం సాయంత్రం సబ్ ఎడిటర్ ఫణికుమార్ చెప్పులైనా విప్పకుండా లోపలికొచ్చాడు.

“గురువుగారూ, మన ఓనరు పెద్దాయన పోయారు!”

“అయ్యో, ఎప్పుడయ్యా?”

“మధ్యాహ్నం. రేపటి బొమ్మలో మీ బాబాయేమో చచ్చినట్టు పడుకుని, ఎవరేడుస్తున్నారా అని ఓరకంట చూస్తున్నాడు! మొదటి పేజీలో పెద్దాయన ఫొటో, లోపల ఇదీ. వాళ్ళబ్బాయి చూశాడంటే నా ఉద్యోగం, మీ బాబాయి, రెండూ గంగలో కలిసినట్టే.”

“పాతదేదన్నా వేసుకోరాదూ?”

“అన్నిట్లోనూ ఆ వెకిలి నవ్వేగా! అరగంటలో కొత్తది ఇవ్వండి. పేజీ ఆపి వచ్చాను.”

జోగారావు నన్ను సిరాలో ముంచాడు. ముక్కు దగ్గరే గీత చెదిరింది. చించాడు. రెండోసారి గడ్డం జారిపోయింది.

“ఏంటండీ, చలిజ్వరమా?” అన్నాడు ఫణి.

“పొద్దుణ్ణించీ ఏమీ తిన్లేదు బాబూ, అంతే,” అంది సుభద్ర.

“ఇంక పది నిమిషాలేనండీ!”

ఆయన వేళ్ళ చెమటకి నేను జారిపోతున్నాను. అప్పుడు సుభద్ర వచ్చి కాగితం మీద స్కేలు అదిమి పట్టుకుంది. స్కేలు పక్కన గీత వణకదు. ఒక కుర్చీ. రెండో గడిలో అదే కుర్చీ, పక్కన చేతికర్ర. మూడో గడిలో ఉత్త కుర్చీ. బాబాయి లేడు, మాట లేదు. సిరా ఆరీ ఆరకముందే ఫణి పట్టుకుపోయాడు.

తెల్లారాక ఊరంతా కళ్ళొత్తుకుంది. “ఏం నివాళి! ఏం నివాళి!” అన్నారు. మనుషులు చేతకానితనాన్ని కూడా ఇంత బాగా మెచ్చుకోగలరని నాకు తెలీదు.

మర్నాడు పెద్దాయన కొడుకు జోగారావుని పిలిపించి శాలువా కప్పాడు. జేబులో నేనున్నాను.

“నాన్నగారి గుర్తుగా ఇకనుంచి రోజూ ఆ కుర్చీనే వేద్దామండీ. కంప్యూటర్లో ఎక్కించేశాం. మీరింక శ్రమపడక్కర్లేదు.”

“బాబాయో మరి?” అన్నాడు జోగారావు.

“కావాలంటే గీయండి. ఇదిగో కాగితం.”

జోగారావు చెయ్యి నా దాకా వచ్చింది. నన్ను పట్టుకుంది. నేను గడగడలాడాను. ఆయన నన్ను వదిలేసి, ఆ చెయ్యి శాలువా కింద దాచుకుని, “వద్దులెండి. కుర్చీ బాగుంది,” అన్నాడు.

పేపర్లో ఇప్పటికీ కుర్చీ వస్తూనే ఉంది. ఎవరూ నవ్వరు, ఎవరూ ఆపమనరు. ఇంట్లో మాత్రం జోగారావు రోజుకో బాబాయిని గీస్తాడు. ముక్కు ఒక దారి, గడ్డం ఒక దారి. సుభద్ర చూసి పగలబడి నవ్వుతుంది. ఇరవై రెండేళ్ళలో బాబాయిని చూసి ఆవిడ నవ్వగా వినడం నాకిదే మొదలు.