మూడు గీతలు

మా బావ శివప్రసాద్‌కి యాభై రెండేళ్ళ వయసులో బాతుల పిచ్చి పట్టింది. పట్టినవాడు ఊరుకోక నన్ను పట్టుకున్నాడు.

ఆయన మెల్‌బోర్న్‌లో ఒక బ్యాంకులో పద్దెనిమిదేళ్ళు సాఫ్ట్‌వేర్ పని చేసి, కిందటేడు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. తర్వాత ఆరు నెలలు క్లైడ్ నార్త్ ఇంట్లో కర్టెన్లు వేసుకుని కూర్చున్నాడు. పాత ఆఫీసు స్నేహితుడెవరో ఒకరోజు జాలిపడి బాతుల వేటకు తీసుకెళ్ళాడు. ఆ రాత్రి బావ అన్నం మారు అడిగి పెట్టించుకున్నాడని మా అక్క హరిప్రియ ఫోన్‌లో ఏడ్చింది. బావ ఇక ఆగలేదు. బాతుల్ని గుర్తుపట్టే పరీక్ష పాసయ్యాడు, లైసెన్సు తెచ్చుకున్నాడు, తుపాకీ కొన్నాడు. గిప్స్‌లాండ్ వైపు ఒక ముసలి రైతు తన పొలంలోని మడుగులో వేటాడుకోమన్నాడు. మిగిలిందల్లా నీళ్ళ మీద తేలుతూ, రెల్లులో కలిసిపోయి, ఇద్దరు దాక్కోగలిగే మాటు. ఇక్కడివాళ్ళు దాన్ని హైడ్ అంటారు.

నేను కేరమ్ డౌన్స్‌లో, మనవాళ్ళ గుడికి కాస్త అవతల, ఒక షెడ్డులో పడవల రేవులకు తేలే బల్లకట్లు చేస్తాను. కాబట్టి నేను దొరికిపోయాను.

"ఒరేయ్ రాజూ, నువ్వు చేసే పాంటూన్ మీదే చిన్న గది కట్టెయ్. దట్సాల్," అన్నాడు బావ.

"కట్టెయ్యడానికి ఇదేమన్నా కోళ్ళగూడా బావా? వెయిట్ ఎంత, బ్యాలెన్స్ ఎట్టా, గాలొస్తే ఏంటి, అన్నీ చూడాలి."

"చూసుకో. ఇంజనీరువి నువ్వేగా."

ఆ సాయంత్రమే అక్క విడిగా ఫోన్ చేసింది. "ఆయన మళ్ళీ మనిషయ్యాడురా, ఆ సరదా నేను చెడగొట్టను. కానీ ఆయనకి ఈత రాదు. నీళ్ళలో ఉన్నంతసేపూ నీ చెయ్యి అందేంత దూరంలో పెట్టుకో. నేనడిగేది అదొక్కటే రాజూ."

మాటిచ్చాను. ఆ మాట మీదే మాటు కట్టాను. లోపల కూర్చునే బల్లను కావాలనే పొట్టిగా చేశాను. ఇద్దరు కూర్చుంటే భుజానికి భుజం ఆనాల్సిందే. బావ చూసి, "ఇదేంట్రా, ఎకానమీ క్లాసా?" అని వెక్కిరించాడు. నేను అక్క పేరు ఎత్తలేదు.

నాలుగు నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు, ఒక్కోటి రెండువందల లీటర్లది, మూతలు బిగించి పడుకోబెట్టాను. వాటి మీద అల్యూమినియం ఫ్రేము, దాని మీద చెక్క. చుట్టూ కోళ్ళ దొడ్డికి వేసే వల బిగించి, దాన్నిండా రెల్లు దూర్చాను. ముందు చూడటానికీ కాల్చడానికీ ఒక సందు. కుడిపక్కన పడవలోంచి ఎక్కడానికి తలుపు. ఆ తలుపు దగ్గర ఒక గుంజ నీళ్ళలోకి దిగి ఉంటుంది. దాని మీద మూడు గీతలు గీశాను. అన్నిటికన్నా కింద తెల్ల గీత, మాటు ఖాళీగా ఉన్నప్పటి నీటిమట్టం. దానికి మూడు వేళ్ళ పైన పసుపు గీత, ఒక మనిషి ఎక్కితే నీళ్ళు అక్కడిదాకా వస్తాయి. ఇంకో మూడు వేళ్ళ పైన ఎర్ర గీత, ఇద్దరికి.

షెడ్డు వెనక ట్యాంకులో దించి చూశాం. నేను ఎక్కితే పసుపు. బావ కూడా ఎక్కితే ఎరుపు. వెంట్రుకవాసి తేడా రాలేదు. నాకు గర్వంగా అనిపించింది. నా చేతి పని మీద ఎవరైనా వేలు పెడితే నేను ఊరుకోను, ఆ గుణం నాకుంది, దాచుకోవడం ఎందుకు?

వేట సీజను మొదలవడానికి మూడు వారాల ముందే మాటును మడుగులో పెట్టాలన్నది నేనే. ఈ విద్య మా తాత నాగభూషణం దగ్గర విన్నది. తాత ఆ రోజుల్లో కొల్లేటిలో పిట్టలు పట్టేవాడు. ముందు ఖాళీ కుండలు నీళ్ళ మీద వదిలేవాడట. మొదటిరోజు పిట్టలు బెదిరి దూరంగా పోయేవి. నాలుగోరోజుకి కుండల మధ్యే ఈదేవి. వారం తిరిగేసరికి కుండల మీద వాలేవి. అప్పుడు తాత ఒక కుండకు రెండు కంతలు పొడిచి, నెత్తిన బోర్లించుకుని, మెడలోతు నీళ్ళలో మెల్లగా నడిచి వాటి మధ్యకు పోయేవాడు. నీళ్ళ కింద నుంచి కాళ్ళు పట్టుకుని లాగడమే.

"చప్పుడుండదురా అబ్బాయ్," అనేవాడు తాత. "పక్క పిట్టకి కూడా తెలీదు."

ఈ కథ చెబితే బావ చాలా సంబరపడ్డాడు. మొదటి శనివారం మధ్యాహ్నం మాటును మడుగు మధ్యలోకి లాగి, రెండు లంగర్లు వేశాం. అక్కడ నీళ్ళు గుండెలోతు ఉన్నాయి. అవతలి ఒడ్డున రెల్లు పక్కన, బోర్లించిన గంగాళం అంత నల్లటిదేదో నీళ్ళలో కనిపించింది.

"మొద్దు," అన్నాడు బావ.

రెండో శనివారం వెళితే ఆ మొద్దు ఒడ్డుకీ మాటుకీ సగం దూరంలో ఉంది. దాని మీద ఒక బాతు కూర్చుని తీరిగ్గా రెక్కలు దువ్వుకుంటోంది.

"కొట్టుకొచ్చినట్టుంది," అన్నాను.

"బాతుకి లేని భయం నీకెందుకురా?" అని బావ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రోజు నాకు ఇంకో విషయం చిరాకు తెప్పించింది. ఖాళీ మాటు దగ్గర నీళ్ళు తెల్ల గీతకు ఒక వేలు కిందే ఉన్నాయి. రెల్లు తడిసి మాటు బరువెక్కాలి, ఇంకా దిగాలి. ఇది తేలికపడింది. గీత గీయడంలో చెయ్యి జారిందేమోనని నన్ను నేనే తిట్టుకున్నాను.

మూడో శనివారం మొద్దు మాటుకు ఇరవై అడుగుల్లో ఉంది. అది దగ్గరికి వచ్చిందన్న సంగతే మాకు తట్టలేదు. నేను పడవ నడుపుతుంటే బావ దాన్ని గురుతుగా పెట్టుకుని, "ఆ మొద్దు దాటాక కుడికి తిప్పు," అన్నాడు. నేను తిప్పాను. చూసి చూసి, చూడటం మానేశాం.

సీజను మొదలైన ఉదయం ఏడింటికి మడుగు చేరుకున్నాం. మంచు పల్చగా ఉంది. నీళ్ళు కదలడం లేదు. బావ కొత్త బట్టల్లో, ఆకుపచ్చ టోపీతో, పెళ్ళికొడుకంత హుషారుగా ఉన్నాడు. నాకు లైసెన్సు లేదు కాబట్టి తుపాకీ ముట్టుకునే పని లేదు. నేను అక్క పంపిన కాపలావాణ్ణి.

"మొద్దు లేదేంట్రా?" అన్నాడు బావ.

"మునిగుంటుంది."

ముందు నేను మాటులోకి ఎక్కాను. అలవాటుగా గుంజ వంక చూశాను. నీళ్ళు పసుపు గీత దాకా రావాలి. తెలుపు దగ్గరే ఉన్నాయి. తర్వాత బావ ఎక్కాడు. ఆయన తొంభై కిలోలు, తుపాకీ, తూటాల సంచీ, అక్క ఇచ్చిన పులిహోర డబ్బా. నీళ్ళు తెల్ల గీత దగ్గరే ఉన్నాయి. మాటు అంగుళం కూడా దిగలేదు.

"ఇదేంటి బావా, ఇద్దరం ఎక్కినా దిగలేదు?"

"దిగకపోతే మంచిదేగా. తేలుతోంది."

"మంచిదెట్టా అవుద్ది? లెక్క ప్రకారం దిగాలి."

"అయితే నీ లెక్కే తప్పు. పాపం, ఇంజనీరుగారు," అని భుజంతో నా భుజాన్ని పొడిచాడు.

అది నన్ను కాల్చింది. అడుగు బురదకు ఆనిందేమోనని పడవలోని గడ తీసుకుని పక్కన దించాను. గుండెలోతు దాకా దిగి నేల తగిలింది. గడను ఏటవాలుగా మాటు కిందికి తోశాను. రెండడుగులు వెళ్ళి మెత్తగా ఆగింది. వెనక్కి లాగితే రాలేదు. మళ్ళీ లాగాను. ఎవరో పట్టుకుని, ఆలోచించి, వదిలినట్టు వచ్చింది.

"నాచు," అన్నాను పైకే.

"గోల చెయ్యకు. వస్తున్నాయి," అని బావ గుసగుసలాడాడు.

పదిహేను బాతులు మంచులోంచి దిగి మాకు ఎదురుగా నీళ్ళ మీద వాలాయి. కాల్చడానికి అనుమతించిన వేళకు ఇంకా పది నిమిషాలుంది. బావ లైఫ్ జాకెట్ విప్పి కాళ్ళ దగ్గర పెట్టాడు. వేసుకోమన్నాను. "తుపాకీ భుజానికి ఆనడం లేదురా. నువ్వు పక్కనే ఉన్నావుగా," అన్నాడు. నిజమే, పక్కనే ఉన్నాను. భుజానికి భుజం ఆని ఉంది. ఆయన ఒంటి వెచ్చదనం నా ఎడమ చేతికి తెలుస్తోంది.

నేను మళ్ళీ గుంజ వైపు తిరిగాను. కుడివైపు వంగి, జేబులోంచి పెన్సిలు తీసి, తలుపు చెక్క మీద లెక్క వేశాను. డ్రమ్ముకు ఇంత, ఫ్రేముకు ఇంత, మనిషికి మూడు వేళ్ళు. తప్పు లేదు. ఇంకోసారి వేశాను. అప్పుడూ తప్పు లేదు. ఇద్దరు మనుషుల్ని, చెక్కని, రెల్లుని ఏదో కింద నుంచి మోస్తే తప్ప ఇది ఇలా నిలబడదని అంకెలు చెబుతున్నాయి. అంకెలు చెప్పేది చదువుతూ కూడా నేను నా తప్పే వెతుక్కున్నాను.

అప్పుడు మాటు దిగడం మొదలుపెట్టింది. జర్కు లేదు, చప్పుడు లేదు. తెల్ల గీత మునిగింది. ఒక వేలు, రెండు వేళ్ళు, మూడు. నీళ్ళు పసుపు గీతను తాకి ఆగాయి.

నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఆ సంతోషానికి ఈ రోజుకీ నన్ను నేను క్షమించుకోలేదు.

"చూడు బావా, దిగుతోంది. ఎరుపు దాకా దిగుద్ది చూడు," అన్నాను గుంజ మీంచి కళ్ళు తియ్యకుండా. ఇంకో మూడు వేళ్ళు దిగాలి. ఎదురుచూశాను. దిగలేదు. నీళ్ళు పసుపు గీత మీద, వెంట్రుకవాసి అటూ ఇటూ కాకుండా నిలబడ్డాయి.

పసుపు ఒక మనిషికి.

నా లెక్క తప్పలేదు. ఎడమ భుజానికి చల్లగా గాలి తగిలింది.

తిరిగి చూశాను. బల్ల మీద టోపీ ఉంది. తుపాకీ సందుకు ఆనించి ఉంది. కాళ్ళ దగ్గర లైఫ్ జాకెట్, దాని పక్కన మూత తియ్యని పులిహోర డబ్బా. ముందు సందుకు అవతల నీళ్ళు అద్దంలా ఉన్నాయి, ఒక్క అల లేదు. పదిహేను బాతులూ ఉన్నచోటే ఈదుతున్నాయి. అప్పుడు నేను అరిచిన అరుపుకి లేచాయి.

నీళ్ళలోకి దూకాను. గుండెలోతు. మాటు కిందికి చేతులు పెట్టి వెతికాను, మునిగి వెతికాను, రైతు వచ్చి కాలర్ పట్టుకుని లాగేదాకా వెతికాను. పోలీసులు మూడు రోజులు వెతికారు. చివరికి మాటును ఒడ్డుకు లాగి బోర్లించారు. మూడు వారాల పాకుడు డ్రమ్ముల అడుగున మందంగా పట్టి ఉంది. మధ్యలో మాత్రం, గంగాళం అంత మేర, ఏదో ఎన్నో రోజులు వీపు ఆనించి రుద్దుకున్నట్టు, నున్నగా నీలంగా మెరుస్తోంది. ఆ నల్ల మొద్దు గురించి వాళ్ళు అడిగితే, తన మడుగులో ఎన్నడూ మొద్దు లేదన్నాడు రైతు.

ఆ మొదటి రోజే అక్క వచ్చింది. ఒడ్డున, తడి బట్టల్లో దుప్పటి కప్పుకుని కూర్చున్న నా ఎదురుగా నిలబడింది. ఏడవలేదు, అరవలేదు. బల్ల పొట్టిగా ఎందుకు చేశానో ఆమెకు తెలుసు, నేనే చెప్పి మెప్పు పొందాను.

"రాజూ, ఆయన అరవలేదా?"

"లేదక్కా."

"నీళ్ళ చప్పుడన్నా రాలేదా?"

"లేదు."

ఆమె చాలాసేపు నా ఎడమ భుజం వైపే చూసింది.

"నువ్వు పక్కనే ఉన్నావు కదరా?"

"పక్కనే ఉన్నానక్కా," అన్నాను.