వీణ టీచరు ఒళ్ళో గిటారు

నేను ఒక గిటారును. గొప్ప ఇంటి గిటారునేమీ కాను. కలకత్తాలో ఓ ఇరుకు కార్ఖానాలో, జిగురు వాసన మధ్య పుట్టాను. లారీ ఎక్కి కాకినాడ వచ్చి ఒక బ్యాంకు ఆఫీసరు గారి చేతిలో పడ్డాను. నన్ను కొన్న రోజున ఆయన సంబరం చూసి నా దశ తిరిగిందనుకున్నాను. వేళ్ళు నొప్పి పుట్టగానే ఆ సంబరం కాస్తా చల్లారిపోయింది. ఆ తర్వాత నన్ను హాల్లో గోడకి తగిలించి, వచ్చినవాళ్ళందరితోనూ "అప్పుడప్పుడూ వాయిస్తూంటానండీ" అనేవారు. మనుషులు తాము వాయించని వాద్యం గురించే ఎక్కువ మాట్లాడతారని నాకు అక్కడే తెలిసింది.

ఆయనకి బదిలీ అయినప్పుడు నన్ను పక్కింటి సింధూరకి ఇచ్చేశారు. సింధూర ఇంజనీరింగ్ చదువుతోంది. వాళ్ళమ్మ హైమవతి వీణ టీచరు. ఆ ఇంట్లో వీణకి పట్టు ముసుగు, ప్రత్యేకంగా ఒక చాప, పొద్దున్నే నమస్కారం. నాకు మంచం కింద చోటు. సింధూర కూడా పదో తరగతి దాకా వీణ నేర్చుకుని ఒకరోజు మానేసిందట. ఎందుకు మానేసిందో తల్లి అడగలేదు, కూతురు చెప్పలేదు. నన్ను తీసినప్పుడల్లా తల్లి "తలుపేసుకోవే" అనేది. అందుకని సింధూర సొంతంగా ఒక రాక్ పాట కట్టినా, హైమవతి దాన్ని ఒక్కసారి కూడా పూర్తిగా వినలేదు.

ఆ పాట రైల్వే గేటు గురించి. గేటు పడి, రైలు రాక, బళ్ళన్నీ హారన్లు కొడుతుంటే ఓ అమ్మాయి "గేటు తియ్యండి" అని గొంతు చించుకుంటుంది. కాలేజీ ఆఖరి సంవత్సరం వార్షికోత్సవంలో దాన్ని పాడటానికి సింధూర ఎందరినో బతిమాలి అవకాశం సంపాదించింది. వాయించేది ఇద్దరే. నాతో సింధూర, డ్రమ్స్ మీద అన్వర్. సరిగ్గా అప్పుడే సింధూర స్కూటీ జారిపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. గిటారు వచ్చినవాళ్ళందరికీ ఆ సాయంత్రం వాళ్ళ వాళ్ళ పాటలున్నాయి. ఇక ఆ పాట ఎప్పటికీ ఎవరూ వినరని సింధూర వెక్కి వెక్కి ఏడ్చింది.

హైమవతి గుమ్మంలో నిలబడి అడిగింది. "అందులో ఎన్ని ఉంటాయే, ఆ కార్డులో ఏవో?"

"నాలుగే కార్డులమ్మా, స్వరాల గుత్తులన్నమాట. ఇ మైనర్, సి, జి, డి."

"నాలుగేనా? నాలుగు నేను కొట్టలేనా?"

అన్నది పౌరుషానికే. కానీ అన్నాక వెనక్కి తగ్గే మనిషి కాదు.

మొదటిరోజే నన్ను వీణలా ఒళ్ళో పడుకోబెట్టింది. నిలబెట్టి పట్టుకోమంటే చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. రెండోరోజు నా తీగలు ముక్కుతూ మూలుగుతూ పలికాయి. సింధూర వేలితో తుడిచి చూసి అరిచింది.

"అమ్మా! తీగలకి నూనె రాశావా?"

"తీగలకెందుకు రాస్తానే? వేళ్ళకి రాసుకున్నా. రాసుకోకపోతే ఎలా జారుతాయి?"

"జారకూడదమ్మా. నొక్కి ఊరుకోవాలి."

ఊరుకోవడమే ఆవిడకి చేతకాలేదు. నొక్కిన తీగనల్లా పక్కకి లాగి ఊపేది. ఒక్క తీగను ఊపితే వీణ మీద గమకం. నాలుగు తీగలు మోగుతుండగా ఒకదాన్ని ఊపితే నాకు కడుపునొప్పి. పైగా వీణ మీద ఎడమచేతి చూపుడువేలికీ మధ్యవేలికీ తప్ప పనుండదు. ఇ మైనర్ రెండు వేళ్ళతోనే పలుకుతుంది కనక అది వెంటనే వచ్చేసింది. సి దగ్గర ఉంగరపువేలు కావాల్సి వచ్చింది. ఇన్నేళ్ళ సాధకురాలి చేతిలో ఆ వేలు పసిపిల్ల వేలంత మెత్తగా ఉంది! బొబ్బ లేచింది. ఆవిడ దాన్ని ఆశ్చర్యంగా, తనది కాని వేలిని చూసినట్టు చూసుకుంది.

నాకు ఆవిడ మీద ఇష్టం కలిగింది మాత్రం ఆ మర్నాడే. ఇ మైనర్ కొట్టి "ధ, స, గ" అని నెమ్మదిగా పాడుకుంది. సి కొట్టి "మ, ధ, స" అంది. ఆగి, మళ్ళీ కొట్టింది. "ఓసినీ! ధ, స అక్కడే ఉన్నాయే! గ ఒక్కటే జరిగి మ అయింది!" అని కేక పెట్టింది. నన్ను ఇంతమంది పట్టుకున్నారు గానీ నా లోపల ఏం జరుగుతోందని వాకబు చేసిన మనిషి ఆవిడే. ఆరోజు పాఠానికి వచ్చిన పిల్లల్ని కాసేపు వాకిట్లోనే కూర్చోబెట్టింది.

వార్షికోత్సవం నాడు పట్టుచీర కట్టుకుని, స్టేజీ మీద స్టూలు వేయించుకుని కూర్చుంది. కుర్రాళ్ళు ఈలలు వేశారు. అన్వర్ కర్రలు తాటించాడు. మేం మొదలెట్టాం. నాలుగు కార్డులూ ఒక్క వంకర లేకుండా పడ్డాయి. మొదటి చరణం అయింది. రెండో చరణం ఎత్తుకోవాల్సిన చోట సింధూర పక్కకి తిరిగి ఒకసారి చూసి, నోరు తెరిచి ఊరుకుంది. గొంతు రాలేదు.

అన్వర్ కళ్ళు పెద్దవయ్యాయి. హైమవతి మాత్రం కంగారుపడలేదు. పాఠం మధ్యలో తడబడే పిల్లలు ఆవిడకి కొత్త కాదు. ఇ మైనర్, సి, జి, డి మళ్ళీ మొదటినించీ తిప్పింది. కూతురి వైపు చూడకుండా, తొందరపెట్టకుండా ఇంకోసారి తిప్పింది. పాటే అలా ఉందనుకుని జనం చప్పట్లతో తాళం అందుకున్నారు. మళ్ళీ ఇ మైనర్ వచ్చేసరికి సింధూర గొంతు విచ్చుకుంది. "గేటు తియ్యండి" అని అరిచిన అరుపుకి హాలంతా లేచి నిలబడింది. నా చెక్క అదిరింది. అంత సంతోషం నేనెప్పుడూ ఎరగను.

ఇంటికి వచ్చే ఆటోలో నన్ను ఒళ్ళో పెట్టుకుని హైమవతి అడిగింది. "మాటలెలా మర్చిపోయావే? నువ్వు రాసిందేగా?"

"మర్చిపోలేదమ్మా. పక్కకి చూస్తే నువ్వు నా పాట వాయిస్తున్నావు. ఏడుపొచ్చింది."

హైమవతి రోడ్డు వైపు తిరిగింది. అటే చూస్తూ "ఇంకో పాటేవైనా ఉందా?" అంది.

"ఉంది గానీ అందులో ఎఫ్ ఉందమ్మా. చాలా కష్టం. ఒకే వేలు అడ్డంగా వేసి తీగలన్నీ నొక్కాలి."

"ఏదీ, చూపించు."

సింధూర కట్టు లేని చేత్తో తల్లి చూపుడువేలు పట్టుకుని నా మెడ మీద అడ్డంగా పరిచి, పైనించి తన వేళ్ళతో గట్టిగా అదిమింది. హైమవతి మీటింది. నేను టప్పుమన్నాను తప్ప మోగలేదు. అయినా ఇల్లు వచ్చేదాకా తల్లి వేలు తియ్యలేదు, కూతురు చెయ్యి తియ్యలేదు.