తొమ్మిది పట్టీల బండి

నాలుగో నట్టు కదలలేదు. సావెంగ్ బండి కింద వెల్లకిలా పడుకుని, పానాకి ఇనపగొట్టం తొడిగి, రెండు కాళ్ళూ చక్రానికి తన్నిపట్టి లాగాడు. తుప్పుపొడి కళ్ళలో పడింది. తుడుచుకోవడానికి లేదు, చేతుల నిండా గ్రీజు. కళ్ళు మూసుకుని, నీళ్ళు వాటంతటవే కారేదాకా ఆగి మళ్ళీ లాగాడు. నట్టు కిర్రుమని ఒక చుట్టు తిరిగింది.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అతని పని పికప్ బండ్లకి వెనక ఇరుసు మీద బరువు మోసే కమాను పట్టీలు వెయ్యడం. కంపెనీ ఇచ్చేవి నాలుగో అయిదో. చెరకు రైతుకి అవి చాలవు. టన్ను మొయ్యాల్సిన బండి మీద రెండున్నర టన్నులు ఎక్కిస్తాడు. సావెంగ్ ఇంకో మూడు పట్టీలు కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తితో వంపు తీసి, నూనెలో ముంచి, కట్టలో దూర్చి బిగించేవాడు. అప్పుడు ఖాళీ బండి తోకెత్తిన పుంజులా నిలబడేది. చెరకు ఎక్కాక సమంగా సర్దుకునేది.

అతని సొంత బండికి ఒక్కో పక్క తొమ్మిది పట్టీలు. దుకాణానికి పేరు రాసిన బోర్డు ఎన్నడూ పెట్టలేదు. రోడ్డు పక్కన తోకెత్తి నిలబడ్డ ఆ బండే బోర్డు.

ఇవాళ దానికి పట్టీలు తీస్తున్నాడు.

భార్య ఒన్‌సీ పట్నం ఆసుపత్రిలో పంతొమ్మిది రోజులుగా పడుకుని ఉంది. క్యాన్సరు నడుం ఎముకల్లోకి దిగింది. పక్క మీద ఇటు నుంచి అటు తిప్పితే చాలు, పళ్ళు బిగబట్టి మూలుగుతోంది. నిన్న డాక్టరు ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నాడు. ఆమె అడుగుతున్నదీ అదే. తన ఇంట్లో, తన చాప మీద పోవాలి. ఆసుపత్రిలో పోతే ఆ మెట్ల మీద, ఆ వరండాల్లో తిరుగుతూ ఉండిపోతానని ఆమె భయం. సేవా సంఘం వాళ్ళ బండి ఎల్లుండికి గాని ఖాళీ లేదన్నారు. ఎల్లుండి దాకా ఆగే మొహం కాదది. ఇంటికి డెబ్భై రెండు కిలోమీటర్లు. అందులో సగం, చెరకు లారీలు నమిలి ఊసిన రోడ్డు.

"నొప్పికి మందు చుక్కలు ఇస్తాం. ఒకటే మాట, కుదుపు తగలనివ్వకండి," అంది నర్సు.

సావెంగ్ తల ఊపాడు. కుదుపు గురించి అతనికి తెలిసినంత ఆ ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు.

ఏడింటికి మేనల్లుడు జక్ వచ్చాడు. తన కొత్త ఎస్‌యూవీని ఎదురుగా ఉన్న షోరూము దగ్గరే ఆపి, రోడ్డు దాటి నడుచుకుంటూ వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ళవాడు, చెరకు మిల్లులో కాటా గుమాస్తా. బండి దగ్గర గొంతుక్కూర్చుని, కింద కనిపిస్తున్న కాళ్ళతో మాట్లాడాడు.

"మామయ్యా, నువ్వడిగిన నా బండి సంగతి... మా ఆవిడ ఒప్పుకోలేదు."

"తెలుసులే."

"కొత్త బండికిచ్చే ఎర్ర నంబరు పలక కూడా ఇంకా మారలేదు. గుడి గురువుగారు దీవించి లోపల కప్పు మీద పెట్టిన తెల్లచుక్కలింకా ఆరలేదంటుంది."

"రెండు నెలలైంది కదరా. సున్నం వేసినా ఆరేది."

జక్ నవ్వబోయి ఆగిపోయాడు. "దార్లో అత్తయ్యకేదన్నా అయిందంటే, రేపా బండిని ఎవరూ కొనరు మామయ్యా. మా ఆవిడ భయం అది."

"నీ బండిలో కాళ్ళు చాపుకోడానికెట్టాగూ కుదరదు. ఆ ఇరవై రెండో నంబరు పానా ఇటివ్వు."

జక్ పానా అందించి అక్కడే కూర్చున్నాడు. ఆ పూట మిల్లుకి పోలేదు.

ఎదుటి షోరూములో ఒకప్పుడు పికప్‌లు అమ్మేవాళ్ళు. బండి కొన్న రైతు, సీట్ల మీది ప్లాస్టిక్ కవరైనా చింపకుండా, నేరుగా రోడ్డు దాటించి సావెంగ్ దగ్గరికే తెచ్చేవాడు. పోయినేడు యజమాని ఆ కంపెనీ వదిలి చైనా కరెంటు ఎస్‌యూవీలు పెట్టాడు. గాలికి కొట్టుకునే జెండాలు వచ్చాయి. నెలకొకసారి ధర తగ్గించినట్టు బోర్డు మారుతోంది. అది చూసి తక్కిన కంపెనీలవాళ్ళూ తగ్గిస్తున్నారు. పికప్ కంపెనీలు కూడా ఇప్పుడు సంసారానికి పనికొచ్చే మెత్తటి బండ్లని చెప్పి అమ్ముతున్నాయి, పట్టీ కలిపితే పూచీ ఉండదని కాగితం మీద సంతకం పెట్టించుకుని మరీ. సావెంగ్ కొలిమి వారానికి రెండు రోజులు వెలిగితే గొప్ప.

షోరూము పిల్ల మియో మంచినీళ్ళ గ్లాసులతో వచ్చింది. బండ్లు అమ్మే పిల్ల, నవ్వు మొహం.

"పెద్దయ్యా! సూర్యుడివ్వాళ పడమట పొడిచాడా? నువ్వు పట్టీలు తియ్యడమేంటి? మా కంపెనీలో గాని చేరావా?"

సావెంగ్ బయటికి జరిగి కూర్చున్నాడు. "మీ పెద్దమ్మని తీసుకొస్తున్నా."

"నయమైందా?"

అతను గ్లాసు తీసుకుని మొత్తం తాగాడు. మియో నవ్వు పోయింది. వెళ్ళి, కొత్త బండ్ల తలుపులకి దెబ్బ తగలకుండా కట్టి పంపే నురుగు పలకలు నాలుగు నెత్తిన పెట్టుకుని వచ్చింది. "పరుపు కింద వెయ్యి పెద్దయ్యా. మా సారు అడిగితే ఎలకలు కొట్టేశాయంటాలే."

ఒక్కో పక్క నాలుగు పట్టీలు తీశాక అయిదు మిగిలాయి. చక్రాల్లో గాలి సగానికి దించాడు. ఇరుసుకి సరిగ్గా పైన, బండి వెనక తొట్టిలో ఇసక బస్తాలు నాలుగు పరిచాడు. బరువు లేని కమాను ఎగిరితంతుంది, కాస్త బరువుంటే లొంగుతుంది. పలకలు వేసి, వాటి మీద ఇంట్లోంచి తెచ్చిన దూదిపరుపు వేసి, తనే ఎక్కి పడుకున్నాడు.

"మిల్లు గేటు దాకా పోయి రారా జక్."

ఆ బండి కొని పంతొమ్మిదేళ్ళు. దాని వెనక అతను పడుకోవడం ఇదే మొదటిసారి. ముందుసీట్లో స్టీరింగు పట్టుకున్నవాడికి కుదుపు ముందే తెలుస్తుంది, ఒళ్ళు సిద్ధంగా ఉంటుంది. పడుకున్నవాడికి ఏదీ తెలియదు. ఆకాశం, కరెంటు తీగలు, ఉన్నట్టుండి వీపులో గుద్దు. మురుగుకాలవ మీది పలక దగ్గర మెడ దాకా వచ్చింది. రైలుపట్టాల దగ్గర నాలుక కరుచుకున్నాడు.

ఇన్నేళ్ళూ ఒన్‌సీ ఆ బండిలోనే సంతకి వెళ్ళొచ్చింది, కూరగాయల గంపలు పట్టుకుని వెనకే కూర్చుని. "ఇది బండి కాదు, ఎగిరే మేక. రెండు పట్టీలు తియ్యరాదా, నడుం విరుగుతోంది," అనేది. "తోక వాలితే నా దగ్గరికెవడొస్తాడే?" అనేవాడు. రెండుసార్లు అడిగిందో, ఇరవైసార్లు అడిగిందో. కుదుపులకీ ఆ రోగానికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. సావెంగ్ ఆ మాట మూడుసార్లు చెప్పించుకున్నాడు.

తిరిగి వచ్చాక దిగి, నోట్లో నెత్తురు ఉమ్మి, మళ్ళీ జాకీ పెట్టాడు.

"ఇంకానా?" అన్నాడు జక్.

"ఇంకో రెండు."

"మూడంటే మరీ పల్చన మామయ్యా. విరుగుతాయేమో."

"ముప్ఫై ఎనిమిది కిలోలుందిరా మనిషి. దేనికి విరుగుతాయి?"

పని సగంలో ఉండగా సువిత్ అనే రైతు కొత్త పికప్‌లో వచ్చాడు. మిల్లు నిన్ననే తెరిచారు, రెండేసి పట్టీలు ఇవాళే పడాలి. ఆ సీజనుకి మొదటి బేరం.

"ఇవాళ కుదరదు," అన్నాడు సావెంగ్.

"నేను కంపెనీవాళ్ళకి పెట్టిన సంతకం కూడా కాదనుకుని నీ దగ్గరికొచ్చానయ్యా! నువ్వూ కుదరదంటే ఎట్టా?" అంటూ సువిత్ నేల మీద వరసగా పేర్చి ఉన్న పట్టీలు చూశాడు. ఒకటి చేత్తో ఎత్తి వంపు చూశాడు. "పాత ఉక్కు. ఇట్టాంటిది ఇప్పుడెక్కడ దొరుకుతుంది? ఇవెందుకు తీసేశావు?"

"కావాలా?"

"నీ బండికో?"

"అక్కర్లేదు. తీసుకుపో. స్టేషను దగ్గర బిగించేవాడున్నాడు."

సువిత్ జక్ వైపు చూశాడు. జక్ తల దించుకుని నట్లు కడుగుతున్నాడు. సువిత్ పట్టీలన్నీ తన బండిలో వేసుకున్నాడు. ఎంతివ్వాలని అడిగితే సావెంగ్ మళ్ళీ బండి కిందికి దూరాడు. సువిత్ సీటు వెనక నుంచి ఒక అరటిగెల తీసి కొలిమి పక్క దిమ్మె మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఒంటిగంటకి ఆసుపత్రి చేరారు. ఒన్‌సీని దుప్పటితో సహా నలుగురు ఎత్తి తొట్టిలోకి చేర్చారు. ఆమె అరవలేదు. పెదవులు తెల్లగా ఎండి ఉన్నాయి. కళ్ళు మాత్రం ఎప్పటివే, బేరమాడే కళ్ళు. టార్పాలిన్ పందిరి కింద సావెంగ్ ఆమె తల పక్కన కూర్చున్నాడు. జక్ బండిని నడక వేగంతో గేటు దాటించాడు. గేటు దగ్గర ఎత్తుగా ఒక గట్టు ఉంది. సావెంగ్ ఆమె తలని రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు. బండి దాని మీదికి ఎక్కి, దిగి, పడవలా ఒకసారి ఊగి నిలిచింది.

ఒన్‌సీ కళ్ళు తెరిచింది.

"ఇదెవరి బండి?"

"మనదే."

"అబద్ధం. మన మేక ఇట్టా నడవదు."

"పట్టీలు తీశాను."

"ఎన్ని?"

"ఆరేసి."

ఆమె లెక్క వేసుకుంటున్నట్టు పందిరి వైపు చూసింది. "తోక వాలిపోయుంటుంది."

"వాలింది."

"ఇంక నీ దగ్గరికెవడొస్తాడయ్యా," అని నవ్వింది. నవ్వుకి దగ్గొచ్చింది. అతను అరచేత్తో ఆమె రొమ్ము మీద అదిమిపట్టాడు, కుదుపు అక్కడ కూడా తగలకుండా.

ఏదో చెప్పాలనుకున్నాడు. తప్పయిందనో, మరొకటో. దుప్పటి ఆమె గడ్డం దాకా లాగి సర్దాడు.

ఊరు దాటాక పెట్రోలు బంకు దగ్గర చల్లటి నల్లకాఫీ కావాలంది. జక్ పరుగున వెళ్ళి తెచ్చాడు, ప్లాస్టిక్ సంచిలో కాఫీ, ఐసు ముక్కలు, పైన రబ్బరు బ్యాండు, ఒక గొట్టం. రెండు గుక్కలు తాగి, తీపి ఎక్కువైందని మొహం పెట్టింది. "ఉంచు, తర్వాత తాగుతా." సావెంగ్ దాన్ని పందిరి కమ్మీకి తగిలించాడు.

చీ నది దగ్గర జక్ తన వెనక కిటికీ అద్దం జరిపి కేకేశాడు. "అత్తయ్యా, వంతెనొస్తోంది!" అతుకుల దగ్గర కుదుపు ఉంటుందని అతని ఉద్దేశం.

"ఒరే!" అంది ఒన్‌సీ, గొంతులో ఉన్న బలమంతా పెట్టి. "నేనింకా చావలేదురా! వంతెనలూ మలుపులూ చెప్పేది శవానికి, ఆత్మ దారి తప్పకుండా. నాకు దారి తెలుసు."

"అయ్యో, అది కాదత్తయ్యా..."

"వాణ్ణి ముందు చూసి నడపమను."

సావెంగ్ చాలా రోజుల తరవాత నవ్వాడు. వంతెన అతుకులు ఒకటొకటిగా చక్రాల కింద నుంచి జారిపోయాయి. ఆమె వాటిని లెక్కపెట్టినట్టుంది, వేళ్ళు అతని చేతిలో కదిలాయి. తరవాత కళ్ళు మూసుకుంది.

ఆ పైన చెడ్డ రోడ్డు. సావెంగ్ దృష్టంతా చక్రాల మీద పెట్టాడు. గుంతలో దిగినప్పుడు కమాను సాగుతున్న చప్పుడు, పైకొచ్చినప్పుడు ముడుచుకునే చప్పుడు. ప్రతి గుంతకీ ఆమె మొహం చూశాడు. నుదురు ముడిపడలేదు. ఒళ్ళు బండితో పాటు కొంచెం ఇటు, కొంచెం అటు ఊగుతోంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఇంత బాగా కుదిరిన పని లేదనుకున్నాడు. ఎదురుగా చెరకు లారీలు వచ్చిపోతున్నాయి. కాల్చి కోసిన చేల నుంచి మసి ఎగిరివచ్చి దుప్పటి మీద వాలుతోంది. అతను ఒక్కొక్క మసినుసినీ వేలితో తీసి పారేస్తూ కూర్చున్నాడు.

మిల్లు పొగగొట్టం కనిపించాక, ఒక మసినుసి ఆమె పైపెదవి మీద వాలింది. అది కదలలేదు.

సావెంగ్ చాలాసేపు దాన్నే చూశాడు. ఎక్కడ జరిగిందో అతనికి తెలియలేదు. చేతి వేళ్ళు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఏ గుంత దగ్గరో, ఏ మలుపు దగ్గరో. కుదుపు తగిలుంటే తెలిసేదే.

ఇంటికి ఇంకా ఆరు కిలోమీటర్లు.

అతను వంగి ఆమె చెవి దగ్గర నోరు పెట్టాడు. "ఒన్‌సీ, కాలవ వంతెనొచ్చింది. దాటుతున్నాం."

అద్దంలో జక్ కళ్ళు కనిపించాయి. బండి ఇంకా నెమ్మదయింది.

"మిల్లు దగ్గర ఎడమ మలుపు. నాతో రా," అన్నాడు సావెంగ్. "ఇప్పుడు రైలుపట్టాలు. ఇది మన దుకాణం, చూడు. ఇక్కడ ఆగం. ఇంటికే పోతున్నాం."

షోరూము ముందు నిలబడ్డ మియో చెయ్యి ఊపబోయి, దించుకుని, రెండు చేతులూ జోడించింది.

ఇల్లు చేరాక ఇరుగుపొరుగు వచ్చి ఆమెను దుప్పటితో ఎత్తి లోపలికి మోసుకెళ్ళారు. జక్ ఇంజను ఆపాడు. బరువు తగ్గిన తొట్టి రెండు వేళ్ళంత పైకి లేచి, మెల్లగా సర్దుకుంది. పందిరి కమ్మీకి కాఫీ సంచి ఇంకా ఊగుతోంది, పైన తేలుతూ, కరగగా మిగిలిన ఐసు ముక్క ఒకటి గొట్టానికి తగిలి చిన్నగా చప్పుడు చేస్తోంది.