నా పేరు మీద ఆయన రక్తం

సూదులు ఉడకబెట్టడం, రక్తం తీయడం, సీసాల మీద పేర్లు రాయడం, ప్రొద్దుటూరు డాక్టరు దగ్గర ఇదీ నా పని. ఐదో తరగతితో బడి మాన్పించారు. మందు డబ్బాలు చూసి చూసి ఇంగ్లీషు అక్షరాలు నేనే నేర్చుకున్నాను. ఇంట్లో దానికి విలువ లేదు. "సీసాలు కడిగేదానికి పొగరెక్కువ" అంటుంది మా అత్త ఖాతూన్‌బీ, నేను కెలికిన సంగటి తింటూనే.

నా మొగుడు నబీ రసూల్ పది రోజులకోసారి గడ్డం గీసుకుంటే చాలు. రెండేళ్లుగా నా పక్కకు రాలేదు. పిల్లలు లేరన్న తిట్టు మాత్రం నాకే. సంగతి డాక్టరుకు నేనే చెప్పాను. మగ హార్మోను తగ్గిందేమో, ఇంజెక్షన్లున్నాయి, ముందు రక్తం మద్రాసుకు పంపి చూడాలన్నాడు. పొద్దున్నే ఇంట్లోనే తీశాను. పేరు రాయబోతే నా మొగుడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"నీ పేరు రాయి మాబున్నీ. నాదని తెలిస్తే అంగట్లో తలెత్తుకోలేను. రిపోర్టు గూడ ఇంటికే రానీ."

జాలిపడి రాశాను. ఆడమనిషి అని కూడా రాశాను. నా బతుకులో నేను చేసిన పెద్ద తప్పు ఆ జాలి.

కాగితం వచ్చింది. అంకె నూట ముప్పై. ఆడవాళ్లకు డెబ్బై దాటకూడదని పక్కనే అచ్చు. మా ఆడబిడ్డ మొగుడు అబ్దుల్ సలాం బడిపంతులు, చదివి వినిపించాడు.

"మగ హార్మోను రెండింతలుండాది అత్తా."

"అట్ల చెప్పు. మగోడిని తెచ్చి కట్టినామా మావానికి? ఇంగ కడుపు యాడ పండుతాది? రెండో పెండ్లికి దువ్వూరు షంషుద్దీన్ కూతుర్ని అడుగుదాం."

నా మొగుడి వైపు చూశాను. బనీను దారం పీక్కుంటున్నాడు. ఆ రక్తం తనదని ఒక్క మాట అంటే చాలు. లేచి అంగడికి వెళ్లిపోయాడు; కాగితం మీద నా పేరుంటే నా మాట ఎవరు నమ్ముతారు? వారం తిరిగేసరికి వీధిలో నేను మగ మాబున్నినయ్యాను. కొళాయి దగ్గర మునెమ్మ నా పైపెదవి చూసి, "నువ్వు ముందు పట్టుకో అప్పా" అని మగవాణ్ని పిలిచినట్టు పిలిచి బిందె జరిపింది.

డాక్టరు ఆ కాగితం మీద నా పేరు చూసి తల పట్టుకున్నాడు.

"ఆడదానికైతే ఇది ఎక్కువ. మగవానికి మూడువందలన్నా ఉండాలమ్మా, ఇది సగం కూడా లేదు. ఒక్క పరీక్షతో మందు మొదలుపెట్టకూడదు. మళ్లీ పొద్దున్నే తియ్యి. లోపం బీజాలదా, మెదడు కింది గ్రంథిదా, అదీ తేలాల. ఇంకోటి, ఇంజెక్షన్ వేస్తే బలమొస్తాది గానీ పిల్లలు పుట్టే కాస్త ఆశా పోవచ్చు. ముందే చెప్పు."

ఇంటికొచ్చి నా మొగుడికి అంతా చెప్పాను. కక్ష తీర్చుకోవడానికి అబద్ధం అక్కర్లేదు నాకు.

"బలమొస్తే చాలు. వచ్చే నెలే దువ్వూరి పిల్లతో పెండ్లి" అన్నాడు ఆయన, చొక్కా చెయ్యి మడుస్తూ.

"ఆ పిల్లకు చెప్పినావా?"

"చెప్పేదానికేముండాది? ఈసారి గూడ నీ పేరే రాయి. నీకు ఇంగ పోయేదేముంది?"

సీసా నింపాను. ఆయన దూది అదుముకుని కళ్లు మూసుకున్నాడు. నబీ రసూల్, మగ, ముప్పై నాలుగేళ్లు అని ఒత్తి ఒత్తి రాశాను. సీసాతో పంపే కాగితంలో రిపోర్టు ఎవరికి పంపాలన్న చోట, ఆయనకు పిల్లనిస్తున్న షంషుద్దీన్ పేరు, దువ్వూరు అని రాశాను.