నెమలికి మేత

"మీ జమునకు ఎంత కుదురో!" అని అందరూ మెచ్చుకుంటుంటే నాకు ఒళ్లు మండేది. ఎనిమిదేళ్ల పిల్లకు కుదురెందుకండీ? బడి నుంచి వచ్చి గోడకు ఆనుకుని కూచుంటే మళ్లీ అన్నానికే లేచేది. మగ్గం పనికి వలసొచ్చిన ఈ పర్వత్ పాటియాలో మాది రెండో అంతస్తు. ఆ మెట్లెక్కేసరికే దానికి ఆయాసం. పిల్లను బాగా ఆడించమని డాక్టర్ చెప్పాడు. దానికి ఆటంటే ఫోనులోదే.

అందుకే బడిలో టీచరమ్మ కొత్త గేమ్ ఇచ్చినప్పుడు దానికన్నా ముందు నేను ఎగిరి గంతేశాను. ఫోను నడుముకు కట్టుకుని పిల్ల గెంతాలి. గెంతినకొద్దీ తెర మీది నెమలికి గింజలు రాలుతాయి. కదలకపోతే పాపం, ఆ నెమలి మూలన ముడుచుకుని కళ్లు తేలేస్తుంది.

మొదట్లో జమున నాలుగు గెంతులేసి చతికిలబడింది. తర్వాత ఏమైందో గానీ నెమలి రోజురోజుకూ బలిసింది. క్లాసు మొత్తంలో పెద్ద నెమలి మాదే! మా మగ్గాల షెడ్డులో కనబడ్డవాడికల్లా చెప్పాను. జమున కూడా క్లాసంతా చాటింది. టీచరమ్మ మురిసిపోయి కబురు పంపింది. శనివారం తల్లిదండ్రులందరి ముందు జమున గెంతి, నెమలి చేత పురి విప్పించాలట.

అంతే, పిల్ల ఏడుపు లంకించుకుంది.

"నేను గెంతలే బాపూ! అది అంత పెద్దగ ఎట్లయిందో నాకే తెల్వదు. శనివారం నాతోని కాకపోతే అబద్దాలది, ఝూఠీ, ఝూఠీ అని ఎక్కిరిస్తరు. ఇగ నేను బడికి పోను."

వంటింట్లోంచి మా అమ్మ బాలవ్వ మెల్లగా బయటికొచ్చింది.

"నేనేరా సదానందం. పగటిపూట షెడ్డుకు నీకు బువ్వ తెచ్చినప్పుడల్లా ఫోను నీ ఎనుకున్న సాంచకు కట్టిన."

సాంచ, అదే మా మరమగ్గం, దడదడా కొట్టిన ప్రతి దెబ్బనూ ఆ పిచ్చి ఫోను నా బిడ్డ గెంతుగా నమ్మిందన్నమాట!

"ఏంది అమ్మా నీ పని!"

"మరి పిట్ట ఆకలికి సస్తుంటె సూస్కుంట కూసోవాల్నా? మనింట్ల అందరికి బువ్వ పెట్టేది సాంచనేనాయె. గా నెమలికి పెట్టదా?"

కోపం ముక్కు మీదికి వచ్చింది, అంతలోనే నవ్వు దాన్ని తోసేసింది. నవ్వీ నవ్వీ నాకు కడుపు నొప్పి పుట్టింది. జమున మాత్రం నవ్వలేదు.

"శనివారం సాంచను బడికి తీస్కపోతమా నానమ్మా?"

"సాంచ ఎందుకే, నేను లేనా?" అని మా అమ్మ కొంగు బిగించింది. గెంతడం రాని పిల్లకు బతుకమ్మ అడుగులు నేర్పింది. వంగు, చప్పట్లు కొట్టు, లే, పక్కకు జరుగు! గిన్నెలు గలగలలాడాయి. ఆ చప్పుడుకు కింది ఇంటి గుజరాతీ ఆమె పోట్లాటకు వచ్చి, చూసి, ఊరుకోలేక తన గర్బా తిప్పు కూడా అందులో కలిపింది. ముగ్గురూ గిర్రున తిరుగుతుంటే గదిలో చోటు లేక నేను మెట్ల మీద కూచుని అన్నం తిన్నాను.

శనివారం వచ్చింది. ఫోను నడుముకు కట్టుకుని జమున అందరి ముందు నిలబడింది. నిలబడే ఉంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక వరుసలో మా అమ్మ చప్పట్లు మొదలుపెట్టింది. పిల్ల వంగింది, లేచింది, తిరిగింది. ఇంతలో ఆయాసమొచ్చి ఆగిపోయింది. ఎవరో పిల్లాడు "ఝూఠీ!" అన్నాడు. జమున వాడివైపు ఉరిమి చూసి, గట్టిగా ఊపిరి పీల్చి, ఈసారి గర్బా తిప్పు తిరిగింది. రెండు జడలూ గాల్లోకి లేచాయి.

నడుము దగ్గర ఫోను గంటలు కొట్టింది. నెమలి పురి విప్పింది! పిల్లలంతా కేకలు. నేను వయసు మరిచి బెంచీ ఎక్కి ఈల వేశాను.

టీచరమ్మ నవ్వుతూ ఫోను విప్పి తీసుకుంది. నేను పరుగెత్తుకెళ్లి చేతులు చాచాను.

"సాలు బిడ్డా, దా. నెమలి ఆడింది గదా!"

జమున నా చేతికి అందకుండా తప్పుకుని ఇంకో చుట్టు తిరిగింది.

"నెమలిది అయిపోయింది బాపూ. నాది ఇంక కాలే!"