పదకొండు పీపాలు

ఎనిమిదో పీపాకి ఇనుప పట్టీ దించుతున్నాడు జాబెజ్. కొయ్యసుత్తితో ఒక దెబ్బ, కాస్త తిప్పడం, మళ్ళీ ఒక దెబ్బ. దెబ్బ దెబ్బకీ ఊపిరి బిగబట్టి, పట్టీ కిందికి జరిగాక వదులుతున్నాడు. చల్లటి ఏప్రిల్ పొద్దు. అయినా మెడ మీద చెమట ధారలు కడుతోంది. తెల్లవారకముందు మొదలైన ప్రార్థనామందిరం గంట ఇంకా ఆగలేదు. బోస్టన్ నుంచి రాజుగారి సైన్యం బయల్దేరిందని, మరో గంటలో ఊళ్ళో దిగుతుందని ఆ గంటకి అర్థం.

సైన్యం వెతికేది ఈ పీపాలనే. ఊరివాళ్ళు పోగుచేసుకున్న తుపాకిమందంతా వీటిలో ఉంది. ఇవాళ తెల్లారేసరికి బండి మీద అడవికి చేరాల్సింది. బండి రాలేదు.

మందు పీపాకి ఇనుము తగలనివ్వరు. చెక్క పట్టీలే వేస్తారు. ఇనుముకి ఇనుము రాసుకుని ఒక్క నిప్పురవ్వ లేచిందంటే దుకాణంతో పాటు వీధి కూడా మిగలదు. ఆ సంగతి సైనికుడన్న ప్రతివాడికీ తెలుసు. చిన్న పీపా, చెక్క పట్టీ కనిపిస్తే చాలు, ఇంకేం చూడక్కర్లేదు. అందుకే వాటి మీద ఇనుము ఎక్కిస్తున్నాడు. నలభై ఏళ్ళుగా పీపాలు కడుతూ ఏ పనైతే చేయకూడదని ఎరుగునో ఆ పనే, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని చేస్తున్నాడు.

జాబెజ్ గొప్పవాడేం కాదు. ఊరి సభల్లో వెనక బల్ల మీద కూర్చుని కునుకు తీసే మనిషి. ఎడమచేతి చిటికెనవేలు ఎప్పుడో బాడిసకి సమర్పించుకున్నాడు. దేశంలో గొడవలన్నీ అతనికి పీపాల రూపంలోనే తెలిశాయి. తేయాకు మీద పన్ను వేశారని భార్య హెప్సిబా ఏవో ఆకులు కాచి పోస్తే, మొహం చిట్లించి తాగాడు. నిరుడు బోస్టన్ రేవు మూసేశారు. చేపల పీపాలు అడిగేవాడు లేడు, బెల్లప్పాకం పీపాలు అడిగేవాడు లేడు. ఆరు నెలలు ఊరికే చిత్రిక పట్టుకుని కూర్చున్నాడు. కోపమంటూ అతనికి వచ్చింది అప్పుడే. చలికాలంలో ప్రార్థనామందిరం పెద్ద, డీకన్ ప్రెంటిస్ వచ్చి, "చిన్నవి పదకొండు కావాలి జాబెజ్, ఇనుము ముక్క ఉండకూడదు" అన్నాడు. జాబెజ్ ఎందుకని అడగలేదు.

పదో పీపా అయ్యేసరికి పట్టీలు అయిపోయాయి. చుట్టూ చూశాడు. మూలన హెప్సిబా మంచినీళ్ళ బొక్కెన కనిపించింది. దాని పట్టీలు రెండూ ఊడదీశాడు. బొక్కెన పలకలు పలకలుగా నేల మీద పడింది.

"ఊళ్ళో అందరి పీపాలూ కడతావు గానీ, నా బొక్కెన దగ్గరికొచ్చేసరికి విప్పడమే వచ్చా నీకు?" అంది హెప్సిబా గుమ్మంలోంచి.

"సాయంత్రానికి కట్టి ఇస్తాలేవే. ముందు లోపలికి పో."

ఆ పట్టీలు పదకొండో పీపాకి కాస్త వదులయ్యాయి. బిగించే వ్యవధి లేదు. వీధిలో బూట్ల చప్పుడు.

సార్జెంటు మొహం నిండా మచ్చలు, ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. వెనక ఆరుగురు ఎర్రకోట్లవాళ్ళు. ముందు గుమ్మం పక్కనున్న రెండు పిండి పీపాలు, ఊరివాళ్ళకి దక్కకుండా, దొర్లించుకుపోయి ఏట్లో పడేశారు. తర్వాత చిన్నవాటి దగ్గరికి వచ్చారు.

"వీటిలో ఏముంది ముసలాయనా?"

"సున్నం నాయనా. గోడలకి. మూత తీస్తే కళ్ళు పోతాయి."

"తెరిపించండి సార్, మందేమో" అన్నాడు ఒక సైనికుడు.

సార్జెంటు నవ్వాడు. "మందు పీపాకి ఇనప్పట్టీ ఏ మొనగాడేస్తాడ్రా? మా నాన్నా పీపాలు కట్టేవాడే. నాకు చెప్పొస్తున్నావా?" అంటూ పదకొండోదాన్ని కాలితో కదిపాడు. పట్టీ కిర్రుమంది. "ఇదేంటయ్యా, ఇంత వదులు? మా నాన్నయితే వీపు చీరేసేవాడు."

ఆ పట్టీ తనే బిగిద్దామని బల్ల మీది ఇనుప సుత్తి తీసుకుని పైకెత్తాడు.

జాబెజ్ అతని మణికట్టు పట్టుకున్నాడు. ఎప్పుడు కదిలాడో అతనికే తెలియదు. సైనికుల తుపాకులు ఒక్కసారిగా అతని వైపు తిరిగాయి.

"పలక చీలి ఉంది నాయనా. నువ్వు కొట్టావంటే సున్నమంతా మనిద్దరి కళ్ళలోనే. ఇంతకీ మీ నాన్న తన సుత్తిని పరాయివాళ్ళని ముట్టుకోనిచ్చేవాడా?"

సార్జెంటు అతని మొహంలోకి చూశాడు, నాలుగువేళ్ళ చేతిని చూశాడు. చివరికి సుత్తి బల్ల మీద పెట్టేశాడు.

"నన్నే ముట్టుకోనిచ్చేవాడు కాదు" అని బయటికి నడిచాడు.

సైనికులూ అతని వెనకే వెళ్ళారు. జాబెజ్ నేల మీద కూర్చుని బొక్కెన పలకలు దగ్గరికి లాక్కున్నాడు. విల్లో చెట్టు బద్ద వంచి, రెండు చెక్క పట్టీలు వేశాడు. నీళ్ళు నింపి వంటింట్లో బల్ల మీద పెట్టాడు. నాలుగు పక్కలా కారడం మొదలైంది.

"ఇదేనా నీ పనితనం?" అంది హెప్సిబా. ఏడుస్తూనే నవ్వింది.

"ఖాళీ చెయ్యకు. కారే కొద్దీ పోస్తూ ఉండు. చెక్క నీళ్ళు తాగి ఉబ్బాలి. సాయంత్రానికి చుక్క కారదు, చూస్తూ ఉండు."

అప్పుడే ఏటి వంతెన వైపు నుంచి తుపాకులు పేలాయి. ఒకటి, తర్వాత చాలా. పదేళ్ళుగా కాగితాల మీదా సభల్లోనూ నడిచిన తగాదా ఇక తగాదా కాదని ఇద్దరికీ తెలిసింది.

పెరటి దారిన డీకన్ బండి తెచ్చాడు. "కొండ దగ్గర పోరాడుతున్న మనవాళ్ళ మందు సంచులు ఖాళీ అయిపోయాయి. ఎక్కించు, ఎక్కించు!"

"ఇనుము తీయనీ డీకన్‌గారూ."

"తీసే టైమేదయ్యా? ఎర్రకోట్లవాళ్ళు ఇటే తిరిగొస్తున్నారు."

"మరి అక్కడ తీసేదెవరు?"

అక్కడున్నవాళ్ళు రైతులు. గొడ్డలితోనో సుత్తితోనో ఒక్కటిచ్చుకుంటారు. జాబెజ్ కొయ్యసుత్తి నడుముకి దోపుకుని బండెక్కాడు. హెప్సిబా చేయి పట్టుకుంది. "నువ్వెందుకయ్యా" అంది. "వేసింది నేనే కదే" అన్నాడు.

మధ్యాహ్నమంతా బోస్టన్ దారి పొడుగునా కాల్పులు వినిపిస్తూ, దూరమవుతూ పోయాయి. హెప్సిబా బావికీ వంటింటికీ తిరుగుతూనే ఉంది. బొక్కెనలోంచి కారినన్ని నీళ్ళూ మళ్ళీ పోసింది.

పొద్దు వాలాక డీకన్ ఒక్కడే వచ్చాడు. టోపీ చేతిలో ఉంది.

"పదకొండూ తెరిచాడమ్మా. ఒక్క రవ్వ లేవలేదు. ఆఖరిది తీశాక, రాతిగోడకి ఆనుకుని కూర్చున్నాడు. అలిసిపోయాడు కదా అనుకున్నాం. గుండు ఎప్పుడు తగిలిందో మేమెవరమూ చూడలేదు."

ఆమెకి ఏడుపు రాలేదు. పొద్దుటి నుంచి చెవిలో ఉన్న నీటి చుక్కల చప్పుడు ఆగిపోయినట్టు అనిపించి లోపలికి వెళ్ళింది. బల్ల మీద బొక్కెన అంచుదాకా నీళ్ళతో నిండి ఉంది. కింద నేల ఆరిపోయింది.