ఏడో వరుస

రాత్రంతా దక్షిణపు గాలి వానను విసిరి విసిరి కొట్టి, తెల్లవారేసరికి అలిసిపోయింది. తూర్పు కొండల మీంచి మబ్బు ఓ మూరెడు పైకి లేచింది. ఆ సందులోంచి పసుపునీళ్ళ లాంటి వెలుగు జారి, హట్ నది దాటి, రైలుకట్ట దాకా వచ్చి ఆగిపోయింది. మిగిలిన ఆకాశమంతా ఇంకా తడిసిన గోనెసంచి రంగులోనే ఉంది. సుశీల్ పనిముట్ల షెడ్డు ముందు నిలబడి ఆ సందు వంక కాసేపు చూశాడు. వెలుగు మధ్యాహ్నం దాకా కూడా నిలవదు. మళ్ళీ వాన పట్టేలోగా పిల్లల ఎంపిక అయిపోవాలి.

సుశీల్‌కు అరవై ఒకటి. లోవర్ హట్‌లో ఏటి పక్కనున్న ఆడపిల్లల కాలేజీలో మైదానం చూసుకునే పని. కాలేజీ అంటే ఆ దేశంలో హైస్కూలే. గడ్డి కోయడం, గీతలు వేయడం, నీళ్ళు నిలిస్తే దారి చేయడం, చిరిగిన గోలు వలలు కట్టడం, పద్నాలుగేళ్ళుగా ఇదే. ఫుట్‌బాల్ కోచ్ మెరే మాత్రం ఆయన్ను ఇంకో పనికి కూడా పిలిచేది. ఏటా ఆగస్టు చివర్లో, వచ్చే ఏడు చేరబోయే పిల్లల్లోంచి జట్టుకు కొత్తవాళ్ళను ఏరేటప్పుడు, అందరూ ఆడి వెళ్ళిపోయాక ఆయన దగ్గరికి వచ్చి, నేల ఏమంటోంది సుశ్ అని అడిగేది. ఆయన చెప్పాకే పేర్ల పక్కన మార్కులు ఖాయం చేసేది.

అది తండ్రి దగ్గర్నుంచి వచ్చిన చూపు. ఫిజీలో, బా అనే ఊరి అవతల, వాళ్ళది చెరకు సాగు. తండ్రి ఎద్దును కొనేముందు దారి మీద నాలుగు బిందెల నీళ్ళు పోయించి, ఆ తడిలో దాన్ని నడిపించేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఎద్దును చూస్తుంటే ఆయన అది దాటిపోయేదాకా ఆగి నేలను చూసేవాడు. ఏ గిట్ట లోతుగా దిగింది, ఏది పైపైన ఆనింది, ఏ కాలు బరువు మోయనంటోంది, అంతా అక్కడే ఉండేది. ఎద్దుకైతే సారా పట్టించి నిలబెడతారు, నేలకు పట్టిస్తారట్రా అనేవాడు.

మెరే ఆ చూపుకు తగ్గట్టే పరీక్ష పెట్టేది. గోలు వెనకున్న ఖాళీ నేలలో ఎనిమిది వరుసలు గీయించేది. ఒక్కో పిల్లకు ఒక్కో వరుస. చివరిదాకా పరిగెత్తి, చటుక్కున ఆగి, తిరిగి రావాలి. పది సార్లు. ఆ తర్వాతే ఆట.

ఆ ఏడు ఏడో వరుస కీర్తనది.

కీర్తన వాళ్ళు సుశీల్ ఇంటి పై వాటాలో ఉంటారు. తల్లి రమామణిది తుని దగ్గర. భర్త పోయాక కూతురితో ఒంటరిగా నెట్టుకొస్తోంది. ముసలివాళ్ళ హోమ్‌లో పని. పొద్దున ఒక డ్యూటీ, శని ఆదివారాలు ఇంకోటి. లేవలేని వాళ్ళను లేపడం, కాళ్ళు వంచి చాపించడం, కూర్చోబెట్టడం. తల్లి ఇంటికి చేరేదాకా కీర్తనకు కింది వాటాయే ఇల్లు. తొమ్మిదేళ్ళప్పుడు ఏటి గట్టు మీద ఆ పిల్ల కాలి కింద బంతి పెట్టింది సుశీలే. నాలుగేళ్ళు నేర్పాడు. నోటితో నేర్పింది తక్కువ. తను ఆడి చూపేవాడు, ఆ పిల్ల చూసి ఆడేది.

కాలేజీలో ఫీజులు మామూలువి కావు. కానీ ఏటా కొత్తగా చేరే పిల్లల్లో కోచ్ అందరికంటే పైన ఎవరి పేరు రాస్తే ఆ ఒక్కరికి చదువు పూర్తయ్యేదాకా ఫీజు ఉండదు. చేరేటప్పుడే ఆ అవకాశం, తర్వాత లేదు.

ముందురోజు సాయంత్రం రమామణి ఓ డబ్బా నిండా కజ్జికాయలు చేసి కిందికి తెచ్చింది. రేపు ఎంపికయ్యాక అందరం కలిసి తిందామని, అప్పటిదాకా మూత తీయొద్దని సుశీల్ భార్య క్రిష్ణవతికి చెప్పి అలమరలో పెట్టింది. క్రిష్ణవతి రేపు మధ్యాహ్నం భోజనం ఇక్కడే అంది. రమామణి కాసేపు సుశీల్‌ను ఆటపట్టించింది.

"మీ తెలుగు మా తాతమ్మ తెలుగులా ఉంటుందండీ అన్నయ్యగారూ. ఆవిడా అంతే, రోజుకి నాలుగు మాటలు."

"నాలుగా?" అంది క్రిష్ణవతి. "నీతో నాలుగు ఆడతాడా? నాకు దినానికి రెండే."

అందరూ నవ్వారు. వెళ్ళేముందు గుమ్మం దగ్గర రమామణి గొంతు తగ్గింది. "దానికి ఆ సీటొస్తే నేను ఆదివారం డ్యూటీ మానేస్తానండి. కాస్త దానితో ఇంట్లో ఉంటాను. కోచ్ మీ మాట వింటుందిట కదా."

సుశీల్ తల ఊపాడు. ఆడితే రాకేం చేస్తుంది అనుకున్నాడు.

ఆడింది కూడా. రెండు గోల్స్ కొట్టింది. రెండూ ఎదురుగా దూసుకుపోయి కొట్టినవే. గట్టు మీద తల్లిదండ్రులు గొడుగులు పక్కన పెట్టి చప్పట్లు కొట్టారు. మెరే కాగితం మీద కీర్తన పేరు పక్కన చుక్క పెట్టడం సుశీల్ దూరం నుంచే చూశాడు. పదకొండు గంటలు కాకుండానే అంతా అయిపోయింది. పిల్లలు కార్లెక్కారు. మెరే కాగితాలు సర్దుకోవడానికి తన గదికి పోయింది. సుశీల్ వరుసల దగ్గరికి నడిచాడు.

ఒకటి, రెండు, మూడు. బూట్ల అడుగున ఉండే స్టడ్లు తడి నేలలో చుక్కలు చుక్కలుగా దిగాయి. పిల్లలు ఆగి తిరిగిన చోట గడ్డి పెళ్ళలు లేచాయి. నాలుగో వరుస పిల్లకు మడమ బలం లేదు, నేర్పితే వస్తుంది. ఆరో వరుస పిల్లను పొట్టిగా ఉందని ఎవరూ లెక్కచేయలేదు గానీ రెండు కాళ్ళ మీదా సమంగా నిలిచింది.

ఏడో వరుసలో పరుగు తీసినంత మేరా గుర్తులు చక్కగా ఉన్నాయి. తిరిగిన చోటికి వచ్చి ఆగాడు. పది సార్లు తిరిగితే పది సార్లూ కుడికాలి మీదే తిరిగింది. ఎడమ పాదం ఆనిన చోట చుక్కలు సగమే ఉన్నాయి, మడమ దిగనే లేదు. ఒక్క అడుగులో తిరగాల్సింది నాలుగు చిన్న చిన్న అడుగులేసి తిరిగింది. జారిందేమోనని మొదటికి పోయి మళ్ళీ నడిచి వచ్చాడు. జారుడు కాదు. ఎడమ మోకాలు మెలిక పడకుండా ఆ పిల్ల కాచుకుంది.

ఐదు వారాలుగా హోంవర్కు ఉందని చెప్పి గట్టు మీదికి రాకపోవడం అప్పుడు గుర్తొచ్చింది. ఎదిగే పిల్ల కదా, బద్ధకమనుకున్నాడు.

"కిందికి చూడకు మామయ్యా."

కీర్తన వెనకాలే నిలబడి ఉంది. కలిసి ఇంటికి పోదామని ఆగింది. ఆయన ఏం చూస్తాడో ఆ పిల్లకు తెలుసు. ఆ చూపు కూడా ఆయనే నేర్పాడు.

"ఎప్పటినుంచి?"

"జూలై హాలిడేస్. మా క్లాస్ వర్షిత వాళ్ళింట్లో ట్రాంపొలీన్ మీద ఎగురుతూ పడ్డాను."

"అమ్మకు?"

"చెప్తే ట్రయల్స్‌కి పంపదు." పిల్ల ముక్కు తుడుచుకుంది. "స్ట్రెయిట్‌గా పరిగెడితే ఏం కాదు మామయ్యా. తిరిగితేనే. సీజన్ వచ్చేసరికి తగ్గిపోతుంది." షెడ్డు వంక చూసింది. "ఎలాగూ రోలర్ తోలతావుగా. ఇప్పుడే తోలెయ్. ఫైవ్ మినిట్స్."

నేల చదును చేసే రోలరు తాళం ఆయన కోటు జేబులో ఉంది. చెయ్యి జేబులోకి పోయింది కూడా.

ఆ చెయ్యి ఒకసారి ఆ పని చేసింది. ఆరేళ్ళ కిందట, ఇదే నెలలో, ఇలాంటి నేల మీదే. ఆ పిల్ల పేరు ఆష్లిన్. వాళ్ళదీ ఫిజీయే, చెరకు ఊరే. రైలు స్టేషను మలుపులో తండ్రికి డెయిరీ ఉంది. పాలూ రొట్టే అమ్మే కొట్టును అక్కడ డెయిరీ అంటారు. ఆ పిల్ల గుర్తులూ ఇలాగే సగం సగం దిగాయి. మన పిల్ల, పైకి రానీ అనుకున్నాడు. రోలరు తోలాడు. మెరే అడిగితే నేల బాగుందన్నాడు. మరుసటి జూలైలో ఆట మధ్యలో ఆష్లిన్ మోకాలిలో లిగమెంటు తెగింది. రెండుసార్లు కోసి కుట్టారు. ఇప్పుడు డెయిరీలో ఎత్తు స్టూలు మీద కూర్చుని బిల్లు కొడుతుంది. స్టూలు దిగాలంటే బల్ల పట్టుకుని దిగుతుంది. గుడ్ మార్నింగ్ అంకుల్ అంటుంది రోజూ. ఆ పిల్ల లేవకుండా సుశీల్ తనే ఫ్రిజ్ తెరిచి పాలు తీసుకుంటాడు.

తాళం జేబులోనే వదిలేసి చెయ్యి బయటికి తీశాడు.

"మామయ్యా, ప్లీజ్."

ఆయన వెనక్కి తిరిగాడు. మెరే గది వైపు నడిచాడు. వెనక పిల్ల ఏడవలేదు, పిలవలేదు. ఏడో వరుస గీత మీదే కూలబడింది.

మెరే వచ్చి చూసింది. మోకాళ్ళ మీద కూర్చుని వేలు పెట్టి చుక్కల లోతు చూసింది. కుడిది వేలి కణుపు దాకా, ఎడమది అందులో సగం కూడా లేదు. ఆమె నోటివెంట చిన్న నిట్టూర్పు వచ్చింది. కీర్తన దగ్గరికి పోయి ఆ పిల్ల మోకాలు పట్టుకుని మెల్లగా వంచబోయింది. పిల్ల మొహమంతా బిగుసుకుంది. ఈ మోకాలు చూశాక ఆ పేరు మీద సంతకం పెట్టలేనని, ముందు డాక్టరుకు చూపించాలని, ఏడాదైనా ఆట మానాల్సి రావచ్చని మెరే చెప్పింది. పై ఏడు మామూలుగా ఎంపికకు రమ్మంది. ఫీజు లేని సీటు మాటెత్తలేదు. ఎత్తనక్కర్లేదు కూడా, ముగ్గురికీ తెలుసు. కాగితం మీద చుక్క కొట్టేసి, ఆరో వరుస పిల్ల పేరు దగ్గర ఇంకోటి పెట్టింది.

సుశీల్ అక్కడితో ఊరుకుని ఉండొచ్చు. ఊరుకోలేదు. ఆష్లిన్ గుర్తులు కూడా ఆనాడు చూశానని, రోలరు తోలానని తన పొడిపొడి ఇంగ్లీషులో చెప్పాడు. మెరే చాలాసేపు ఆయన బూట్ల వంక చూసింది. సుశ్ అని పిలవలేదు. రమామణికి ఫోన్ చేయడానికి గదిలోకి పోయింది.

వాన మళ్ళీ మొదలైంది. పిల్ల సంచి సుశీల్ భుజాన వేసుకున్నాడు. ఇంటిదాకా ఇద్దరూ ఒక గొడుగు కింద నడిచారు. దాచే పని లేదు కాబట్టి పిల్ల ఇప్పుడు కుంటింది. చెయ్యి అందిస్తే పట్టుకోలేదు.

రమామణి పై మెట్టు మీద నిలబడి ఉంది. పొద్దున డ్యూటీ సగంలో సెలవు అడిగి వచ్చి, కొత్త చీర కట్టింది. కూతురిని చూడలేదు, సుశీల్‌నే చూసింది.

"సొంత మేనకోడలైతే ఇలాగే చేసేవారా అన్నయ్యగారూ?"

ఆయన పిల్ల సంచిని మెట్టు మీద దించాడు. గొడుగు మూసి వానలోనే నిలబడ్డాడు.

"నువ్వు పైకి రావే," అంది రమామణి.

కీర్తన కమ్మీ పట్టుకుంది. ఒక మెట్టు ఎక్కింది. రెండోది ఎక్కింది. మూడో మెట్టు మీద ఎడమకాలు ఎత్తబోయి ఎత్తలేక అక్కడే కూర్చుంది. రోజూ ముప్పై మంది ముసలివాళ్ళ కాళ్ళు వంచి చాపించే రమామణికి ఇంక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. గబగబా దిగింది. కూతురికి కింది మెట్టు మీద, తడిలో, కొత్త చీరతోనే కూర్చుని బురద మేజోడు కిందికి లాగింది. మోకాలు గుమ్మడిపిందెలా ఉంది. దాని మీద అరచెయ్యి ఆనించింది, వేడిగా తగిలింది.

"ఇన్ని రోజులూ ఈ మెట్లు ఎలా ఎక్కావే?"

"నువ్వుంటే మామూలుగా ఎక్కేదాన్ని," అంది కీర్తన. "నువ్వు డ్యూటీకెళ్ళాక కూర్చుని ఎక్కేదాన్ని."

రమామణి మేజోడును మెల్లగా పైకి లాగింది. ఎక్కడా ముడత లేకుండా సరిచేసింది. సరిచేసిందే మళ్ళీ సరిచేసింది.

కింది వాటా తలుపు తెరుచుకుంది. క్రిష్ణవతి చేతిలో గరిటె ఉంది. వానలో ఉన్న ముగ్గురినీ చూసింది.

"అన్నం చల్లారుతా ఉంది," అంది. "లోపలికి రండి."

కొబ్బరిపాలు పోసి వండిన చేపల పులుసు, చేమాకు వేపుడు, అన్నం. క్రిష్ణవతి ఇంకో కుర్చీ లాగి, దాని మీద తువ్వాలు మడిచి వేసి, కీర్తన కాలు దాని మీద పెట్టించింది. నలుగురికీ వడ్డించి తనూ కూర్చుంది. అలమరలో కజ్జికాయల డబ్బా పెట్టిన చోటే ఉంది. దాని వైపు ఎవరూ చూడలేదు.

రమామణి తన కంచంలోని చేపముక్కను విప్పి, ముళ్ళు ఒక్కొక్కటే తీసి, ఉత్త కండను కూతురి అన్నం మీద పెట్టింది. పిల్ల వద్దనలేదు. తలొంచుకుని తింది. రమామణి ఇంకో ముక్క అందుకుంది. దాని ముళ్ళూ తీసింది. సుశీల్ వైపు తలెత్తలేదు.

రేకు మీద వాన జోరందుకుంది. ఏడో వరుసలోని చుక్కలు ఈపాటికి నీళ్ళతో నిండి ఉంటాయని సుశీల్ అనుకున్నాడు. క్రిష్ణవతి ఆయన కంచంలో మరో గరిటెడు అన్నం వేసింది. ఆయన కలుపుకున్నాడు. నలుగురూ తలలు వంచుకుని తిన్నారు.